ఒంపు దగ్గర కొలిచిన మీటరు

మొన్న మా మనవరాలు కిటికీలకు తెరలు కుట్టిస్తానని ఇనుప టేపు పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ఆ టేపుకు ఒక అంచున అంగుళాలు, ఇంకో అంచున సెంటీమీటర్లు. మా పిల్లకు సెంటీమీటర్లే వచ్చు, మా వీధి దర్జీకి అంగుళాలే వచ్చు. "అవ్వా, ఇది ఆయనకు ఎట్ల చెప్పాల?" అని నన్ను మధ్యలోకి లాగింది. చదువుకున్న పిల్ల, ఐదో తరగతి చదివిన ముసలిదాన్ని అడగాల్సి వచ్చిందే అని నేను లోపల్లోపల కాస్త మురిసిపోయిన మాట నిజం. ఆ మాటకొస్తే మా ఇంట్లో ఏ కొలతా ఇంకో కొలతతో మాట్లాడదు. పాలు లీటరు లెక్కన వస్తాయి, బియ్యం మాత్రం నేను ఇప్పటికీ సోలతోనే పోస్తాను. మందుల షాపులో పసిపిల్ల మందు మిల్లీలీటర్లలో ఇస్తారు, మేం చెంచాల్లో పోస్తాం. జ్వరం నూటరెండు అంటే భయపడతాం గానీ ముప్పైతొమ్మిది అంటే నిమ్మళంగా కూర్చుంటాం. బంగారం గ్రాముల్లో తూస్తుంటే మనసులో తులాల్లోకి మార్చుకునేదాకా ఊపిరాడదు. పూలు మూరల్లో కొంటాం, అదీ పూలమ్మే ఆమె మూరతో. ఆ తల్లి చెయ్యి ఏడాదికేడాది పొట్టి అవుతోందని నా అనుమానం.

తెరల కమ్మీకి పనికొస్తుందేమోనని ఆ పిల్ల తలుపు మూలనున్న వెదురు కర్ర తీసింది. అటక మీది డబ్బాలు ముందుకు లాక్కోవడానికి నేను వాడే కర్ర అది. చేతిలో ఉంది కదా అని దానికీ టేపు పెట్టి కొలిచి, "అవ్వో! ఇది సరిగ్గా మీటరుందే! ఒక్క గీత తక్కువ. ఎవరు కోసినారు దీన్ని?" అని అరిచింది. ఆ ఒక్క గీత ఇన్నేళ్లు ఎండినందుకు తగ్గి ఉంటుంది. కోసినప్పుడు ఆ గీత కూడా ఉండేది. కోసింది మా పెద్దనాయన, కోయించింది నేను. అయితే ఆ కర్ర కథ నాది కాదు, మా మామది.

మా పుట్టిల్లు బేస్తవారిపేట పక్క పల్లె. మార్కాపురానికి కోడలుగా వచ్చేనాటికి నాకు పదిహేడేళ్లు. అప్పటికింకా మేమంతా మద్రాసు వాళ్ళం, దొరల రాజ్యం. మార్కాపురం అంటే పలకలు. భూమిలోంచి నల్లరాయిని తీసి, ఉలితో పొరలు పొరలుగా చీల్చి, కొలతకు కోసి, ఇసుకా నీళ్ళూ వేసి నున్నగా రుద్దితే బడి పిల్లల పలక అవుతుంది. మా ఆయన గనిలో రాయి తీసేవాడు, వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. మా అత్తా నేనూ పలకల షెడ్డులో రుద్దే పనికి పోయేవాళ్ళం. మామ ఆ షెడ్డుకు మేస్త్రి. పలకల కొలత మొత్తం ఆయన చేతిలో ఉండేది.

మామకు అక్షరం ముక్క రాదు, స్కేలు మీది అంకెలు కూడా రావు. ఆయన దగ్గర పుల్లలు ఉండేవి. వెదురు చీల్చి, ఒక్కో పలక కొలతకు ఒక్కో పుల్ల. పొడుగుకు ఒక గాటు, వెడల్పుకు ఒక గాటు. పది అంగుళాల పొడుగు, ఏడంగుళాల వెడల్పయితే అది పది ఏడు పుల్ల. అట్లాగే తొమ్మిది ఆరు పుల్ల, పన్నెండు ఎనిమిది పుల్ల. కళ్ళు మూసుకుని తడిమి ఏ పుల్లో చెప్పేవాడు. అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు. అర నూలు ఎక్కువైనా ఆయన బొటనవేలికి తెలిసిపోయేది. అప్పుడాయన పలకను పక్కనపెట్టి, కోసినవాడి వైపు ఏమీ అనకుండా చూసేవాడు. తిట్టినా బాగుండును అనేవాళ్ళు షెడ్డులో.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు చిన్న విషయంలా కనపడుతుంది. కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదు. ప్రభువును నమ్ముకున్నాం, ఆదివారం ఆదివారం గుడికి పోతున్నాం, అయినా ఈ ఒక్క పద్ధతి మాత్రం మమ్మల్ని వదల్లేదు. మామ రెండు బారల దూరంలో కూర్చుని ఉన్నా సరే, "అత్తా, మామను సంగటి తినమని చెప్పు" అని నేననాలి. "ఇదిగో, సంగటి తిను" అని ఆమె ఆయనతో అనాలి. ఆయన ఆ మాట రెండుసార్లు విని, "ఇంకాసేపు ఆగమని చెప్పు" అని అత్తతో అనాలి. పెళ్ళయి ఏడు నెలలైనా మా ఇంట్లో ప్రతి మాటా అత్త నోట్లోంచి రెండోసారి పుట్టేది. "నా గొంతు మీ ఇద్దరికీ బాడుగకు ఇచ్చినట్టుంది" అని ఆమె గొణిగేది.

అట్లాంటి రోజుల్లో షెడ్డుకు పాండిచ్చేరి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడ ఫ్రెంచివాళ్ళ బళ్ళకు పలకలు కావాలట. చట్రాలు వాళ్ళే బిగించుకుంటారు, మనం రాయి మాత్రం పంపాలి. కొలత ముప్పై ఇరవై. ఏమి ముప్పై, ఏమి ఇరవై? సెంటీమీటర్లు. ఆ మాట షెడ్డులో ఎవరికీ నోరు తిరగలేదు. గుమాస్తా మాత్రం రెండున్నర సెంటీమీటర్లు ఒక అంగుళమని ఎక్కడో విన్నానన్నాడు. ఆ లెక్కన ముప్పై అంటే పన్నెండు, ఇరవై అంటే ఎనిమిది. లెక్క అంత ముద్దుగా తేలేసరికి మామ కూడా తలూపాడు. "పన్నెండు ఎనిమిది పుల్ల మన దగ్గర ఉండనే ఉండాది. ఏ ఊరి పిల్లోళ్ళయితే ఏంది, చేతులు అంతే కదా. నాదీ పూచీ" అన్నాడు షావుకారుతో. ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేది.

పెట్టెలు రైలెక్కాయి. నెల తిరిగేలోగా అవే పెట్టెలు రైలు దిగాయి. పలకలు పెద్దవిగా ఉన్నాయట, చట్రంలో కూర్చోవడం లేదట. వాళ్ళది ఫ్రెంచి కోపం కాబోలు, ఉత్తరం రెండే వాక్యాలు. కొలతకు సరిపోయినవి పంపండి, లేకుంటే మానండి. చట్రం ఒకటి పంపమని రాస్తే పోలేదా అంటారు మీరు. షావుకారు అదే అన్నాడు. గుమాస్తా ఒప్పుకోలేదు. కొలత కూడా తెలియని వాళ్ళమని వాళ్ళకు తెలిస్తే ఇంక మన ముఖం చూడరన్నాడు. షావుకారు మామను పిలిచి, అందరి ముందే, మెల్లగా అన్నాడు: "మేస్త్రీ, పూచీ నీదంటివి. ఇంకొక్కసారి చూస్తాను. మళ్ళీ తిరిగొస్తే కంభం నుంచి వేరే మేస్త్రిని తెచ్చుకోవాల్సి వస్తది. ఏమనుకోవద్దు."

మామ ఏమీ అనుకోనట్టే ఇంటికొచ్చాడు. ఆ పూట సంగటి ముద్ద అట్లాగే ఉండిపోయింది. ముప్పై ఏళ్ల పని ఆయనది. మేస్త్రి పని పోతే ఆ వయసులో గనిలోకి దిగాలి, లేదా తను తీర్చిదిద్దిన పిల్లల కింద పలకలు రుద్దాలి. అత్తతో మాత్రం అన్నాడు, "రెండున్నర అంట, మూడంట, అవన్నీ నోటి మాటలు. ఆ సెంటీమీటరనేది ఏడుంటదో కంటితో చూడాల నేను."

ఏడుంటుంది మరి? వంద సెంటీమీటర్లు ఒక మీటరని గుమాస్తాకు తెలుసు గానీ, ఊరంతా వెతికినా మీటరు బద్ద లేదు. బట్టల దుకాణంలో గజం ఉంది, వడ్రంగం చేసే వడ్లాయన దగ్గర అడుగు బద్ద ఉంది. నేను అత్త చెవిలో ఒక మాట చెప్పాను. మా పెద్దనాయన, అంటే మా అమ్మ అక్క భర్త, పట్టాలు బాగుచేసే రైలు గ్యాంగులో మేస్త్రి. మా రైలు మీటరు రైలు, పట్టాలకు నడుమ సరిగ్గా మీటరు ఉంటది అని పండగలకు వచ్చినప్పుడు గొప్పలు చెప్పేవాడు. అత్త ఆ మాటను మామకు అందించింది. ఆయన లేచి కండువా భుజాన వేసుకున్నాడు. "అంటే ఇన్నాళ్ళూ మీటరు మన ఊరి పక్కనే పండుకోనుండాదా!" అన్నాడు. నాకూ అదే వింతగా అనిపించింది. అడుగులూ మైళ్ళూ తప్ప వేరే కొలత ఎరగని సీమలో, ఎవరు ఏమనుకుని వేశారో గానీ, ఆ ఒక్క మీటరు మాత్రం కొండల్లోంచి ఊళ్ళ మీదుగా అంతదూరం సాగిపోయింది. రోజూ దాన్ని దాటుకుని కట్టెలకు పోయేవాళ్ళం.

మధ్యాహ్నం ముగ్గురం పోయాం. స్టేషను దాకా పోతే ఎవరైనా అడుగుతారని, మా ఇంటికి దగ్గరగా రైలు కట్ట ఒంపు తిరిగే చోటు చూసుకున్నాం. అత్త పట్టాకు చెవి ఆనించి రైలు వస్తుందేమోనని వింటూ కూర్చుంది. వచ్చేది పొగబండి, మైలు దూరం నుంచి కనపడుతుంది, అయినా ఆమె వినడం మానలేదు. మామ వెదురు కర్రను రెండు పట్టాల లోపలి అంచులకు మధ్య పెట్టి, కొనను కొంచెం కొంచెం చెక్కి, బిగువుగా కూర్చునేదాకా ఓపిగ్గా చేశాడు. ఇంటికొచ్చాక పాత కాగితం పేలికలు గంజితో అంటించి ఆ కర్రంత పొడుగు పట్టీ నేను తయారు చేశాను. దాన్ని పది సమ భాగాలుగా మడవడం నా వంతు, అయిదో తరగతి చదువు కదా. మూడు భాగాలు పొడుగు, రెండు భాగాలు వెడల్పు. వందదాకా అంకెలేవీ రాకపోయినా మామ అది పట్టేశాడు. "పదిలో మూడు, పదిలో రెండు. ఇంతే గదా దీని మర్మం" అన్నాడు గోడ వైపు చూసి. ఆ మాట నాకోసమే అన్నాడని నాకు తెలుసు.

మడిచిన పట్టీ పక్కన పన్నెండు ఎనిమిది పుల్ల పెట్టాడు. రెండూ ఒకటే! గాటుకు గాటు సరిపోయింది, వెంట్రుకవాసి కూడా తేడా లేదు. మామ ఆ రాత్రి రెండు ముద్దలు తిన్నాడు.

పొద్దున్నే ఆ కర్రను భుజాన వేసుకుని షెడ్డుకు పోయిన తీరు చూడాలి మీరు. "అయ్యా, రైలు పట్టాలే సాక్ష్యం. మన కొలత సరే, వాళ్ళ చట్రాలే చిన్నవి" అని షావుకారు ముందు పట్టీ పరిచాడు. షావుకారు కర్రను అటూ ఇటూ తిప్పి చూసి, మెచ్చుకోలుగా నవ్వాడు. గుమాస్తా అయితే తన లెక్క సర్కారు రైలుతోనే సరిపోయిందని పొంగిపోయాడు. సోమవారం నుంచి అదే కొలతకు కొత్త పలకలు కోయాలని, పాండిచ్చేరికి గట్టిగా ఒక ఉత్తరం రాయాలని అనుకున్నారు. రెండు రోజులు మామ ఇంట్లో నవ్వుతూనే ఉన్నాడు. ఆ మనిషికి నవ్వితే బుగ్గన సొట్ట పడుతుందని నేను అప్పుడే చూశాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి బయట మా పెద్దనాయన కనిపించాడు. పుట్టింటివాళ్ళు కనిపిస్తే ఆడపిల్ల నోరు ఆగుతుందా? పట్టాలు కొలిచిన సంగతంతా గొప్పగా చెప్పాను. ఆయన నవ్వు ముఖంతోనే విని, "ఏడ కొలిచినారు పిల్లా?" అన్నాడు.

"మా ఇంటెనక, కట్ట ఒంపు తిరిగేకాడ."

"అయ్యో పిచ్చిదానా! ఒంపుకాడ కొలుస్తారా ఎవురైనా? ఆడ పట్టాలు ఎడంగా పెడతాం. లేకుంటే తిరిగేటప్పుడు చక్రం బిగుసుకోదా? ఆ ఒంపులో ముక్కాలు అంగుళం వదులు చేసింది నేనే."

పెద్దనాయన నన్ను స్టేషను వైపు తిన్నగా పోయే పట్టాల దగ్గరికి తీసుకుపోయి, పట్టాల ఎడం సరిచూసే తన ఇనుప గేజి కడ్డీ పెట్టి చూపించాడు. దానికి సరిగ్గా ఇంకో వెదురు కర్ర కోసి నా చేతికిచ్చాడు. ఇప్పుడు నా తలుపు మూలనున్నది అదే. ఇంటికొచ్చి మళ్ళీ పట్టీ చేసి మడిచాను. పొడుగులో నూలున్నర తగ్గింది, వెడల్పులో నూలు. పాండిచ్చేరివాళ్ళు చెప్పింది అక్షరాలా నిజం.

అత్తను పెరట్లోకి పిలిచి చెప్పాను. ఆమె అంతా విని తల అడ్డంగా ఊపింది. "నేను చెప్పను. రెండు దినాలుగా ఆ మనిషి నవ్వుతా ఉండాడు. నా నోటితో ఆ నవ్వు తీసేయలేను. పోనీలే, వాళ్ళ చట్రాలు వాళ్ళే సరిచేసుకుంటారు." "చేసుకోకుంటే? పలకలు తిరిగొస్తే మామ పని పోతది కదా అత్తా!" ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నేను చాలాసేపు ఆ రెండు కర్రలూ పట్టుకుని నిలబడ్డాను. నేను నోరు మూసుకుంటే ఇంకో నెల ఆయన నవ్వుతాడు, ఆ తర్వాత నవ్వడు. చెబితే ఇప్పుడే ఊరంతటి ముందూ చిన్నబోతాడు, పైగా కోడలి ముందు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద నాకు ఎప్పుడు ప్రేమ పుట్టిందో తెలియదు గానీ, ఉందని ఆ పెరట్లో తెలిసింది.

మామ అరుగు మీద కూర్చుని పుల్లలకు నూనె రాస్తున్నాడు. నేను ముసుగు సరిచేసుకుని ఎదురుగా పోయి నిలబడ్డాను. "మామా, మనం కొలిచింది తప్పు" అన్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. ఏడు నెలల్లో నేను ఆయనతో అన్న మొదటి మాట అది. సంగటి తినమనో, నీళ్ళు కావాలా అనో కాదు, తప్పు అని. ఆయన అత్త కోసం అటూ ఇటూ చూశాడు. ఆమె తలుపు వెనక ఉంది, బయటికి రాలేదు. ఇక నావైపే చూసి, "ఎంత?" అని అడిగాడు.

"పొడుగులో నూలున్నర, వెడల్పులో నూలు. ఒంపుకాడ పట్టాలు ఎడంగా ఉంటాయంట. పెద్దనాయన చెప్పినాడు."

రెండు కర్రలూ తీసుకుని పక్కపక్కన నిలబెట్టి, బొటనవేలు కొనల మీద పెట్టి చూశాడు. అర నూలునే పట్టే ఆ వేలికి ముక్కాలు అంగుళం ఒక లెక్కా? "పద" అన్నాడు. ఆ ఎండలో ఆయన ముందు, నేను వెనక, స్టేషను దగ్గరి తిన్నని పట్టాల దాకా నడిచాం. తనే వంగి కొత్త కర్ర పెట్టి చూశాడు, కూర్చుంది. పాత కర్ర పెట్టాడు, పట్టలేదు. ఇంకో చోట చూశాడు, ఇంకా ముందుకు పోయి ఇంకో చోట చూశాడు. నాలుగుచోట్ల అయ్యాక నడుము పట్టుకుని లేచి, ముఖం తుడుచుకున్నాడు. చెమటే అనుకున్నాను. తిరిగి వస్తూ దారి పొడుగునా నేను తిట్టు కోసం ఎదురుచూస్తూనే నడిచాను.

సోమవారం షెడ్డులో ఉలులు మొదలు కాకముందే మామ మధ్యలో నిలబడ్డాడు. "అయ్యా, నేను ఒంపుకాడ కొలిచినాను. మన పలకలే పెద్దవి. పాండిచ్చేరోళ్ళది తప్పు కాదు, నాదే. మా కోడలు కనిపెట్టింది" అన్నాడు. చివరి మాట అందరికీ వినపడాలని గొంతు పెంచాడు. ఎవరో కిసుక్కున నవ్వారు, ఒకరిద్దరు నావైపు తిరిగి చూశారు. షావుకారు వాచీ గొలుసు తిప్పుకుంటూ, "సరే మేస్త్రీ, తిరిగొచ్చినవాటినే దిద్ది పంపు. చూద్దాం" అన్నాడు. గట్టి ఉత్తరం ఇంకా పోస్టులో పడలేదు, అదొక్కటి అదృష్టం. పలక చిన్నదైతే చేసేదేమీ లేదు, పెద్దదైతే అరగదీయవచ్చు. తొమ్మిది రోజులు అందరం కూర్చుని, అంచులు నూలున్నర, నూలు రుద్దాం. ఒక్కో పలకా మామ బొటనవేలు కింది నుంచే పెట్టెలోకి పోయింది.

తర్వాతి నెల ఎట్లా గడిచిందో చెప్పలేను. ప్రతి రైలు కూతకూ అత్త గుండె పట్టుకునేది. మామ ఎప్పటిలాగే షెడ్డుకు పోయివచ్చేవాడు. ముద్ద మాత్రం సగమే తినేవాడు. చివరికి పెట్టెలు రాలేదు, ఉత్తరం వచ్చింది. ఈసారి కూడా రెండే వాక్యాలు. పలకలు సరిపోయాయి. ఇంకో రెండింతలు పంపండి. గుమాస్తా చదువుతుంటే మామ విననట్టే ఒక పలక అంచు తడుముతూ కూర్చున్నాడు. ఆయన బుగ్గన సొట్ట మళ్ళీ పడింది.

ఆ సాయంత్రం తిన్నని కర్ర నాకిచ్చాడు. "ఇది నీది. ఒంపుది నాకుండనీ" అన్నాడు. నేరుగా నాతోనే. ఆ రోజు నుంచి మా ఇంట్లో అత్త గొంతుకు సెలవు దొరికింది. "నా పని ఊడిపోయింది గదే!" అని ఆమె వాపోయేది గానీ, ఊళ్ళో వాళ్ళు కోడలు మామతో మాట్లాడుతోందని చెవులు కొరుక్కుంటే వాళ్ళ మీదికి మొదట లేచింది ఆమే. ఒంపు కర్రను మామ ముసలితనంలో ఊతకర్ర చేసుకున్నాడు. చాలా ఏళ్ళకు వీశెలు పోయి కిలోలు, గజాలు పోయి మీటర్లు వచ్చి, సంతలో జనం తూకం దగ్గర కొట్లాడుకుంటుంటే, ఆయన ఆ కర్ర మీద గడ్డం ఆనించి, "ఇది నాకు ఎప్పుడో తెలుసు" అనేవాడు. "తెలిసిన రోజు ముఖం నేను చూసినాలే" అనేది అత్త.

ఇప్పుడు మామా లేడు, అత్తా లేదు. ఆ పట్టాలు కూడా ఈ మధ్యే పీకేసి, వెడల్పు పట్టాలు వేస్తున్నారు. నడుమ ఎంత అని మనవరాలిని అడిగితే అయిదడుగుల ఆరంగుళాలని చెప్పింది. మేం అడుగుల్లో బతికినన్నాళ్ళు రైలు మీటరు మీద నడిచింది. దేశమంతా మీటర్లలోకి వచ్చాక రైలు అడుగుల్లోకి పోయింది. తెరల గుడ్డ అంగుళాల్లో రాసి దర్జీకి పంపాను. కర్రను కమ్మీకి ఇవ్వనని చెప్పి మళ్ళీ తలుపు మూల పెట్టుకున్నాను. ఈ వయసులో వెనక్కి తిరిగి చూస్తే మనుషుల విషయంలో నేనూ చాలా కొలతలు ఒంపుల దగ్గరే తీసుకున్నానని తెలుస్తోంది. మా మామకు తిన్నని పట్టాల దాకా నడిచి సరిచూసుకోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలింది, నాకు ఒక్కోదానికి ఇరవై ఏళ్ళు పట్టింది.